రిపేరు చేయించాకే స్లో ఎందుకు చెడుతుంది? పాత పికప్ ఇంజన్ ఊగడానికి కారణాలు

సంక్షిప్తంగా: షెడ్డు నుంచి బయటికొచ్చిన పాత డీజిల్ పికప్ రోడ్డు మీద బాగానే లాగుతూ, నిలబెట్టినప్పుడు, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగే ‘స్లో’లో, మాత్రం ఊగుతుంటే కారణం చాలావరకు రిపేరులో విప్పిన చోటో, దాని పక్కనో దొరుకుతుంది. ఇంజన్ మొత్తం ఊగుతోందా, ఒక సిలిండర్ మిస్సవుతోందా (మంట సరిగా పడటం లేదా) అనేది ముందు తేల్చుకుంటే వెతకాల్సిన జాగా సగానికి తగ్గుతుంది. డీజిల్ లైన్లోకి గాలి చేరడం అన్నిటికంటే మామూలు కారణం. స్లో స్క్రూ తిప్పి ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) పెంచితే శబ్దం సర్దుకుంటుంది, లోపం ఉన్నచోటే ఉంటుంది.

తోతాపురి మామిడి కోతలు మొదలయ్యే ముందు చిత్తూరు, బంగారుపాళ్యం, దామలచెరువు చుట్టుపక్కల షెడ్లలో పాత పికప్‌లు వరసగా నిలబడతాయి. సీజన్ మొదలైతే బండి ఆగడానికి వీల్లేదు కాబట్టి క్లచ్, హెడ్, పంపు, ఇంజెక్టర్ పనులన్నీ ముందే చేయించేస్తారు. ఆ తర్వాత వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకటే: ‘పని చేయించక ముందు బాగుండేది, చేయించాకే స్లో నిలబడటం లేదు.’ ఓనరుకు మెకానిక్ మీద అనుమానం, మెకానిక్‌కు బండి వయసు మీద అనుమానం. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది.

ఈ ఫిర్యాదు సీజన్లో ఎక్కువగా వినబడటానికి ఇంకో కారణం కూడా ఉంది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు క్యూలో కాయల లోడుతో అంగుళం అంగుళం కదిలే బండికి గంటల తరబడి స్లోలోనే పని. హైవే మీద ఎవరూ పట్టించుకోని లోపం అక్కడ క్యాబిన్ అద్దాలు గలగలలాడేంతగా బయటపడుతుంది.

స్లోలో ఇంజన్ దగ్గర ఉన్న బలం ఎంత

నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ 750 ఆర్పీఎంలో తిరుగుతుంటే సెకనుకు 25 సార్లు మంట పడుతుంది. ఒక్కో సిలిండర్ వంతు ఆరుసార్ల పైచిలుకు. అదే ఇంజన్ 2500 ఆర్పీఎంలో ఉంటే సెకనుకు 83 మంటలు. మంటల సంఖ్య మూడింతలు పెరిగితే, ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్‌లో దాచుకున్న శక్తి మాత్రం పదకొండు రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి పెరిగే శక్తి. వేగంగా తిరిగే ఇంజన్లో ఒక మంట బలహీనంగా పడినా ఫ్లైవీల్ ఆ లోటును మింగేస్తుంది. స్లోలో మింగడానికి దాని దగ్గర నిల్వ ఉండదు.

రెండో విషయం డీజిల్ కొలత. స్లోలో ఇంజన్ చేసే పనల్లా తన సొంత రాపిడిని గెలవడం, ఆల్టర్నేటర్‌ను, ఆయిల్ పంపును, నీళ్ల పంపును తిప్పుకోవడం. దానికి సరిపడా డీజిల్ నిండు లోడులో పడేదానిలో సుమారు పదో వంతు ఉంటుంది. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఒక ఇంజెక్టర్ ప్రతి స్ట్రోకుకు ఒక మిల్లీగ్రాము తక్కువ పోస్తోందనుకుందాం. నిండు లోడులో 50 మిల్లీగ్రాములు పోసే చోట అది 2 శాతం తేడా, డ్రైవరుకు తెలిసే అవకాశమే లేదు. స్లోలో 5 మిల్లీగ్రాములు పోసే చోట అదే తేడా 20 శాతమవుతుంది. భాకరాపేట ఘాట్‌ను మూడో గేర్లో అవలీలగా ఎక్కిన బండి, ఎక్కాక టీ అంగడి ముందు నిలబెడితే వణకడంలో వింతేమీ లేదు. ‘ఘాట్‌లో బాగా లాగింది కాబట్టి ఇంజన్లో ఏ తప్పూ లేదు’ అనే వాదన అందుకే నిలబడదు.

ఇక్కడే ఒక అలవాటును పక్కన పెట్టాలి. స్లో బాగాలేదనగానే ముందు ఎయిర్ ఫిల్టర్ మార్చేస్తారు. పాత డీజిల్ ఇంజన్ స్లోలో తనకు కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తుంది. ఫిల్టర్ బాగా పూడుకుపోతే లోడులో నల్లపొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది. స్లో మాత్రం దాదాపు మారదు. కొత్త ఫిల్టర్ బండికి మంచిదే, ఈ సమస్యకు మందు అది కాదు.

ఊగుడు వేరు, మిస్సింగు వేరు

‘స్లో సరిగా లేదు’ అనే ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు లోపాలు దాక్కుంటాయి.

ఒకటి, ఇంజన్ మొత్తం ఎక్కి దిగడం. ఆర్పీఎం 650కి పడిపోతుంది, 900కు లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఒక లయలో, రెండు మూడు సెకన్లకోసారి. మెకానిక్‌లు దీన్ని హంటింగ్ అంటారు. సిలిండర్లన్నీ కలిసే ఎక్కుతాయి, కలిసే దిగుతాయి కాబట్టి తప్పు ఏదో ఒక ఇంజెక్టర్లో ఉండే అవకాశం తక్కువ. అన్నిటికీ ఉమ్మడిగా ఉండే చోట వెతకాలి: డీజిల్ సరఫరా, పంపు, గవర్నర్, యాక్సిలరేటర్ లింకేజి, కామన్ రైల్ బండి (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందేది) అయితే రైల్ ప్రెజర్‌ను అదుపుచేసే వాల్వు.

గవర్నర్ పని ఆర్పీఎం తగ్గితే డీజిల్ పెంచడం, పెరిగితే తగ్గించడం. మెకానికల్ పంపులో తిరిగే బరువులు, ఒక స్ప్రింగు కలిసి ఈ పని చేస్తాయి. లివర్లో బిగుతు ఉన్నా, డీజిల్‌తోపాటు గాలి బుడగలు వస్తున్నా గవర్నర్ ఇచ్చిన ఆదేశం ఇంజన్‌కు ఒక క్షణం ఆలస్యంగా అందుతుంది. ఆలోగా ఆర్పీఎం ఇంకా పడిపోతుంది, గవర్నర్ ఇంకా పోస్తుంది, చివరికి ఇంజన్ అవసరానికి మించి లేస్తుంది. అప్పుడు తగ్గించడం కూడా అంతే ఆలస్యం. షవర్లో వేడినీళ్లు ఆలస్యంగా వచ్చే ఇంట్లో ట్యాపును అటూ ఇటూ తిప్పేవాడి అవస్థే ఇది.

రెండోది మిస్సింగు. ఇందులో ఆర్పీఎం ముల్లు పెద్దగా కదలదు, శబ్దంలో మాత్రం ఒక దెబ్బ తప్పుతుంటుంది. సైలెన్సర్ కొసకు జానెడు దూరంలో అరచెయ్యి పెడితే పొగ ఒకే ఒత్తిడిలో తగలాల్సింది, మధ్యమధ్యలో ఒక దెబ్బ మెత్తగా తగులుతుంది. ఆ మెత్తదనం క్రమం తప్పకుండా వస్తుంటే ఒకే సిలిండర్ బలహీనంగా ఉందని అర్థం. ఇష్టమొచ్చినట్టు వస్తుంటే గాలి, నీళ్లు, కరెంటు కనెక్షన్ల వైపు చూడాలి. మిస్సింగుతోపాటు కళ్లు మండించే తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన ఉంటే ఆ సిలిండర్లో డీజిల్ పడుతోంది గానీ మండటం లేదన్నమాట. కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకోవడం) లోపమో, ఇంజెక్టర్ కొసన ఉండే నాజిల్ చినుకుల్లా కార్చడమో, టైమింగు (డీజిల్ పడే సమయం) వెనకబడటమో కావచ్చు.

మూడోదాంట్లో ఇంజన్ తప్పే ఉండదు. శబ్దం సాఫీగా ఉంటుంది, పొగ సమంగా తగులుతుంది, క్యాబిన్ మాత్రం వణుకుతుంది. క్లచ్ ప్లేటు మార్చడానికి గేరుబాక్సు దించిన బండ్లలో ఇది ఎక్కువ. ఇంజన్ మౌంటింగ్ రబ్బరు చిట్లి ఉండొచ్చు, లేదా మెలిపడి బిగుసుకొని ఉండొచ్చు, సైలెన్సర్ పైపు ఛాసిస్‌కు ఆనుతూ ఉండొచ్చు. మౌంటింగ్ బోల్టులు వదులు చేసి, ఇంజన్‌ను స్లోలో కాసేపు తిప్పి దానంతటది కుదురుకున్నాక మళ్లీ బిగిస్తే వణుకు పోయిన బండ్లు చాలా ఉంటాయి. రెండు సిలిండర్ల పాత టాటా ఏస్ లాంటిది నాలుగు సిలిండర్ల బండికంటే సహజంగానే ఎక్కువ కదులుతుంది. పెద్ద బండి నడిపి దాంట్లోకి ఎక్కిన డ్రైవరు దాన్ని రోగమనుకోవడం కూడా జరుగుతుంది.

కంటికి కనబడని లీకు

డీజిల్ ఫిల్టర్ మార్చాక, ట్యాంకు కడిగాక, పంపు దించి ఎక్కించాక, చివరికి క్లచ్ పనిలో పైపులు పక్కకు జరిపాక కూడా స్లో చెడిపోతే మొదట అనుమానించాల్సింది గాలిని. దీన్ని పట్టుకోవడం కష్టం కావడానికి కారణం తేలికే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైనులో డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది, అంటే అక్కడ ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. ఆ భాగంలో సన్నటి సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పైపు పొడిగా కనిపిస్తుంది, కింద మరకుండదు, ‘లీకేమీ లేదు’ అని షెడ్డులో ధైర్యంగా చెప్పేస్తారు. ఫీడ్ పంపు దాటాక ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడ సందు ఉంటే తడి కనిపిస్తుంది. తడి లేదంటే పీల్చే వైపు బాగున్నట్టు కాదని గుర్తుంచుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది.

గాలి చొరబడే చోట్లు మామూలుగా ఇవే. పాత రబ్బరు పైపును పీకి మళ్లీ అదే చోట ఎక్కించినప్పుడు క్లిప్పు కింద సన్నటి చీలిక పడుతుంది. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు హౌసింగుకే అంటుకొని, దాని మీదే కొత్తది కూర్చుంటుంది. డీజిల్ పైపు కొసను బిగించే బోలు బోల్టుకు (బాంజో బోల్టు) రెండు వైపులా ఉండే కాపర్ వాషర్లను మార్చకుండా పాతవే బిగిస్తారు. ఒకసారి నలిగిన కాపర్ గట్టిపడి మళ్లీ సీలు కాదు. కొత్త వాషర్ల ఖర్చు పదుల రూపాయల్లోనే. లైనులోకి చేత్తో డీజిల్ నింపే చిన్న పంపు (ప్రైమర్) లోపలి చిన్న వాల్వు అరిగితే బండి నిలబెట్టిన రాత్రి లైనులోని డీజిల్ నెమ్మదిగా ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. తెల్లారి సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తుంది, స్టార్టయ్యాక కాసేపు ఊగుతుంది, తర్వాత సర్దుకుంటుంది.

ఇంకొకటి తరచూ తప్పిపోయేది: ట్యాంకులోపల డీజిల్ పీల్చే గొట్టం. దానికి పైభాగంలో తుప్పు చిల్లు పడితే ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ ఉండదు. మట్టం చిల్లు కిందికి దిగగానే గాలి మొదలవుతుంది. ఫుల్ ట్యాంకులో బాగుండి, సగానికి వచ్చేసరికి ఊగే బండిలో పంపు విప్పడం దండగ.

పరీక్షకు పెద్ద సామగ్రి అక్కర్లేదు. పంపుకు డీజిల్ వచ్చే చోట మూరెడు పారదర్శక పైపు ముక్క అతికించి ఇంజన్ స్లోలో తిప్పాలి. కొత్తగా అతికించాక మొదట కొన్ని బుడగలు రావడం సహజం. ఐదు నిమిషాల తర్వాత కూడా సన్నటి బుడగలు వరసగా పోతూనే ఉంటే గాలి వస్తున్నట్టే. ఆపై ట్యాంకు లైను తీసేసి, ఒక శుభ్రమైన క్యానులోంచి నేరుగా డీజిల్ ఇచ్చి చూస్తారు. బుడగలు ఆగి ఇంజన్ కుదురుకుంటే తప్పు క్యానుకు వెనక, అంటే ట్యాంకు నుంచి పైపు దాకా ఉన్న దారిలో ఉంది. అప్పటికీ ఊగితే పంపు వైపు వెళ్లాలి. ఖరీదైన పంపు పనికి ఒప్పుకునే ముందు ఓనరు అడగాల్సింది ఈ క్యాను పరీక్షనే.

నీళ్లు కూడా ఇలాగే ఆట ఆడిస్తాయి. తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా కురుస్తాయి. మూత రబ్బరు చెడిన ట్యాంకులోకి నీళ్లు దిగి ఫిల్టర్ అడుగున చేరతాయి. ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదిలి గాజు గ్లాసులోకి పట్టుకుంటే నీళ్లు అడుగున వేరుగా కనిపిస్తాయి. రెండు నిమిషాల పని.

ఇంజెక్టర్లు, నాజిళ్ల పని తర్వాత

పాత మెకానికల్ పంపు బండ్లలో నాజిల్ ఇంత ఒత్తిడి వద్ద తెరుచుకోవాలని కంపెనీ కొలత ఉంటుంది. చాలా డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో అది 200 బార్ దరిదాపుల్లో. ఖర్చు తగ్గుతుందని నాలుగింటిలో ఒక్కటే కొత్తది వేస్తే, అది సరైన కొలత దగ్గర తెరుచుకుంటుంది, స్ప్రింగులు అలసిపోయిన మిగతా మూడు ముందే తెరుచుకుంటాయి. కొత్తది వేశాకే స్లో చెడిందని అప్పుడు అనిపిస్తుంది. నిజానికి అలసిన మూడూ ఒకే తీరుగా ఉండి ఇన్నాళ్లూ జత కుదిరింది, కొత్తది వచ్చి ఆ జత చెరిగింది. నాలుగింటినీ పంపు షాపులో చేతి టెస్టరు మీద పెట్టి ఒకే ఒత్తిడికి సెట్ చేయిస్తే ఇది పోతుంది.

నాజిల్ కింద కూర్చునే కాపర్ వాషర్ ఇంకో దొంగ. పాత వాషర్ హెడ్ గుంతలోనే ఉండిపోయి దానిమీద కొత్తది పడితే నాజిల్ కొస రావాల్సినంత లోపలికి రాదు, డీజిల్ పిస్టన్ గిన్నెలో సరైన చోట పడదు. వాషర్ అసలు సీలు కాకపోతే కంప్రెషన్ అక్కడి నుంచి తప్పించుకుంటుంది. చల్ల ఇంజన్ స్టార్ట్ చేసి చెవి పెడితే చుస్ చుస్ మని లయగా వినిపిస్తుంది, కొన్నాళ్లకు ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి నల్లటి గడ్డ కడుతుంది.

బలహీన సిలిండర్ ఏదో తేల్చడానికి మెకానికల్ పంపు బండ్లలో ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూసే పాత పద్ధతి ఉంది. ఆ సిలిండర్ బాగుంటే నట్టు వదలగానే ఇంజన్ మరింత కుంటుతుంది. ఏ మార్పూ లేదంటే తప్పు దాంట్లోనే. ఈ పనికి కూడా గుడ్డ అడ్డం పెట్టి, మొహం దూరంగా ఉంచాలి. కామన్ రైల్ బండిలో మాత్రం ఈ పద్ధతిని ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. స్లోలోనే రైల్లో 250, 300 బార్ ఉంటుంది, రేస్ చేస్తే వెయ్యి దాటుతుంది. ఆ చిమ్ముడు చర్మంలోకి దూరితే పైకి సూదిపోటంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సిన స్థితి రావచ్చు. వాటిలో స్కానర్‌తో ఒక్కో ఇంజెక్టర్‌ను ఆపి చూడాలి.

అసలు ఏ పైపూ ముట్టని దారి ఒకటుంది. చల్ల ఇంజన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలయ్యాక ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ఒక్కో సిలిండర్ దారిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిస్తే బలహీనమైనది మిగతావాటికంటే చల్లగా ఉంటుంది.

హెడ్ దించిన బండిలో

హెడ్ (సిలిండర్ల పై మూత) పని తర్వాత వచ్చే మిస్సింగులో మొదటి అనుమానం ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య వదిలే సందు. గ్యాప్ మరీ తక్కువ పెడితే ఇంజన్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మిస్సింగు మొదలైతే ముందు ట్యాపెట్ కవర్ విప్పించాలి. కొలత చల్ల ఇంజన్లో తీయాలా, వేడి ఇంజన్లో తీయాలా అనేది ఇంజన్‌ను బట్టి మారుతుంది. ఇంకో బండి కొలతతో సర్దేయడం షెడ్లలో అప్పుడప్పుడూ జరిగే పొరపాటు.

రెండోది హెడ్ కింద సీలుగా పరిచే గాస్కెట్ మందం. కొన్ని డీజిల్ ఇంజన్ల హెడ్ గాస్కెట్ రెండు మూడు మందాల్లో వస్తుంది, అంచున ఉన్న గాట్లో రంధ్రాలో ఏది ఎంత మందమో చెబుతాయి. పిస్టన్ బ్లాకు పైకి ఎంత వస్తోందో కొలిచి దాన్నిబట్టి ఎంచుకోవాలి. మందమైనది పడితే అన్ని సిలిండర్లలోనూ కంప్రెషన్ కాస్త తగ్గుతుంది. పొద్దున్నే తెల్లపొగతో కుంటడం, వేడెక్కాక సర్దుకోవడం దాని లక్షణం. టైమింగు మార్కు ఒక పన్ను తప్పినా, రోటరీ పంపును బిగించేటప్పుడు కాస్త అటూ ఇటూ తిరిగినా స్లోతోపాటు రోడ్డు మీద కూడా తేడా తెలుస్తుంది: ముందుకు జరిగితే గట్టి కొట్టుడు శబ్దం, వెనక్కి జరిగితే తెల్లపొగ, లాగుడు తగ్గడం.

కామన్ రైల్ బండ్లు: స్కానర్ చెప్పేది, చెప్పనిది

మొదట్లో వచ్చిన టాటా 207 డీఐ, 2005లో వచ్చిన తొలి తరం ఏస్ మెకానికల్ పంపు బండ్లు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ మూడు సిలిండర్ల కామన్ రైల్ ఇంజన్‌తో వచ్చింది. బొలెరో పికప్‌లలో రెండు రకాలూ తిరుగుతున్నాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్4 కాలుష్య ప్రమాణాలు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అమల్లోకి రావడంతో ఎలక్ట్రానిక్ కంట్రోల్ తప్పనిసరి లాంటిదైంది. ఇప్పుడు పాతబడుతున్న పికప్‌లలో ఈ రకం ఏటా పెరుగుతోంది, షెడ్ల అనుభవం మాత్రం ఇంకా మెకానికల్ పంపు దగ్గరే ఎక్కువ.

ఈ బండ్లలో సిలిండర్ల మధ్య తేడాను ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) తనే సర్దుతుంది. క్రాంక్ ప్రతి మంటకూ ఎంత వేగం పుంజుకుందో సెన్సర్ చెబుతుంది. వెనకబడిన సిలిండర్‌కు కాస్త ఎక్కువ, ముందున్నదానికి కాస్త తక్కువ పోయిస్తుంది. ఈ సర్దుబాటు అంకెలు స్కానర్‌లో కనిపిస్తాయి. మూడింటికి సున్నా దగ్గరలో, ఒకదానికి బాగా ఎక్కువ చూపిస్తుంటే ఆ సిలిండర్‌ను ఈసీయూ మోస్తోందని లెక్క. మోయగలిగినంతవరకు స్లో సాఫీగానే ఉంటుంది, హద్దు దాటాక ఒక్కసారిగా బయటపడుతుంది. నిన్నటిదాకా బాగుండేదన్న ఓనరు మాట అబద్ధం కాకపోవడానికి ఇదొక కారణం.

ఇంజెక్టర్లు మార్చినప్పుడు వాటి మీద ముద్రించిన కోడ్‌ను ఈసీయూలో ఎక్కించాల్సిన బండ్లున్నాయి. తయారీలో ఒక్కో ఇంజెక్టర్‌కు వచ్చే సన్నటి తేడాను ఆ కోడ్ చెబుతుంది. ఎక్కించకపోతే పాత ఇంజెక్టర్ లెక్క ప్రకారమే కొత్తదానికి ఆదేశాలు వెళ్తాయి. పార్టు మంచిదే, బిగింపు మంచిదే, స్లో మాత్రం కుదరదు.

రిటర్న్ పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపును (మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపేది) ఒక్కో కొలత సీసాలోకి వదిలి ఇంజన్‌ను కొన్ని నిమిషాలు తిప్పుతారు. మూడు సీసాలు సమంగా ఉండి నాలుగోది వాటికి రెట్టింపు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగి డీజిల్‌ను వెనక్కి వదిలేస్తోంది. ఇక్కడ రిటర్న్ వైపు ఒత్తిడి తక్కువ కాబట్టి ఈ పరీక్షలో మామూలు జాగ్రత్త చాలు.

‘స్కానర్ పెట్టాం, ఫాల్ట్ ఏమీ రాలేదు’ అనే మాటను పూర్తిగా నమ్మలేం. అరిగిన ఇంజెక్టర్, చిట్లిన మౌంటింగ్, సన్నగా వస్తున్న గాలి ఏ ఫాల్ట్ కోడ్‌నూ పుట్టించకపోవచ్చు. కోడ్ల కన్నా లైవ్ డేటా విలువైంది. ఈసీయూ అడిగిన రైల్ ప్రెజర్, నిజంగా ఉన్న ప్రెజర్ పక్కపక్కన చూడాలి. నిజమైన ప్రెజర్ అడిగినదాని చుట్టూ అలలా లేచి పడుతుంటే పంపు మీది మీటరింగ్ వాల్వు పట్టేస్తోందనో, గాలి వస్తోందనో అనుమానించాలి. గేరుబాక్సు దించినప్పుడు విప్పిన ఎర్త్ పట్టీని పెయింటు మీదే బిగించేసినా, బిగించడమే మరిచినా సెన్సర్ల రీడింగులు చెదిరి, రోజుకో తప్పు చూపించే బండి తయారవుతుంది. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు వచ్చే ఎర్త్ వైరును చేత్తో కదిపి చూడటం స్కానర్ కన్నా ముందు చేయాల్సిన పని.

కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే స్లోలో కాలిన పొగే మళ్లీ లోపలికి పోయి ఇంజన్ బరువుగా, నల్లపొగతో తిరుగుతుంది. శుభ్రం చేసి బిగించేటప్పుడు వ్యాక్యూమ్ పైపులు తారుమారైనా అదే ఫలితం.

పెట్రోల్, సీఎన్‌జీ బండ్ల లెక్క వేరు. వాటిలో గాలిని థ్రాటిల్ అదుపు చేస్తుంది కాబట్టి మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గరో, ఊడిన వ్యాక్యూమ్ పైపు దగ్గరో లెక్కలో లేని గాలి దూరితే స్లో వెంటనే ఎక్కి దిగుతుంది. థ్రాటిల్ బాడీ కడిగాక ఈసీయూ కొత్త స్థితిని మళ్లీ నేర్చుకునేదాకా కొన్ని బండ్లలో స్లో ఎక్కువగా ఉంటుంది. ఆ అనుభవాన్ని డీజిల్ బండికి అన్వయించి వ్యాక్యూమ్ పైపులన్నీ మార్చేయడం వల్ల ఉపయోగం కొద్దే.

ఎండ చేసే తేడా

రాయలసీమ వేసవిలో 42, 43 డిగ్రీల ఎండలో బానెట్ కింద డీజిల్ బాగా పలచబడుతుంది. పలచబడ్డ డీజిల్ అరిగిన పంపు సందుల్లోంచి సులభంగా జారిపోతుంది. పొద్దున బాగుండే బండి, మధ్యాహ్నం లోడు దింపి అరగంట ఆపి స్టార్ట్ చేస్తే నిలబడకపోతే రోటరీ పంపు లోపలి అరుగుదల వైపు చూడాలి. పంపు మీద చల్లనీళ్లు పోసి పరీక్షించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది ప్రమాదం, వేడి మీదున్న పంపు బాడీ ఒక్కసారిగా ముడుచుకొని లోపలి రోటర్ పట్టేయవచ్చు. తడిగుడ్డ కప్పి కాసేపు ఆగితే అదే సంగతి తెలుస్తుంది.

స్లో స్క్రూ తిప్పితే ఏమవుతుంది

ఆర్పీఎంను 750 నుంచి 1000కి పెంచితే చాలా రకాల ఊగుడు, మిస్సింగు వినిపించకుండా పోతాయి. ఫ్లైవీల్ నిల్వ శక్తి ముప్పావు వంతు పైగా పెరగడమే దానికి కారణం. డెలివరీ రోజు ఇది ఇద్దరికీ అనుకూలం. తర్వాత క్యూలో గంటలపాటు డీజిల్ అదనంగా కాలుతుంది, మొదటి గేర్లో బండి తనంతట తానే ముందుకు తోసుకుపోవడంతో క్లచ్, బ్రేకు మీద పని పెరుగుతుంది, మౌంటింగులు తొందరగా పోతాయి. పంపు మీద స్లో స్క్రూ బదులు పొరపాటున ఫుల్ ఫ్యూయల్ స్క్రూ (నిండు లోడులో పడే డీజిల్‌ను సర్దేది) కదిలిస్తే లోడులో నల్లపొగ మొదలవుతుంది. పొల్యూషన్ పరీక్షలో డీజిల్ బండిని ఒక్కసారిగా రేస్ చేసి పొగ సాంద్రత కొలుస్తారు. బీఎస్4కు ముందటి బండ్లకు పరిమితి 65 యూనిట్లు, బీఎస్4 బండ్లకు 50. స్లో లోపం ఉన్న బండి ఈ పరీక్షలో పాసైపోవచ్చు, ఆ స్క్రూ కదిపిన బండి ఫెయిల్ కావచ్చు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు కాబట్టి ఈ టెన్షన్ ఎప్పటికైనా వస్తుంది.

స్లో మరీ తక్కువగా ఉండి ఇంజన్ ఆగిపోవడం ఇంకా పెద్ద సంగతి. మొగిలి ఘాట్‌లోనో, తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డులోనో గేరు మార్చడానికి క్లచ్ తొక్కిన క్షణంలో ఇంజన్ ఒంటరిగా స్లోకు పడిపోతుంది. అక్కడ నిలబడకపోతే పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకు అయిపోతుంది, ఆ తర్వాత కాలిబలం మీదే బండి ఆగాలి. లోడుతో ఉన్న పికప్‌లో అది చాలా కష్టం. చదునుమీద చిరాకు పెట్టే లోపం వాలులో ప్రమాదంగా మారేది ఇలాగే.

షెడ్డులో చెప్పాల్సినవి

బండిని వెనక్కి తీసుకెళ్లినప్పుడు ‘స్లో బాగాలేదు’ అనడం కన్నా ఏ పని కోసం ఏమేమి విప్పారో అడిగి రాయించుకోవడం మేలు. పంపు, ఇంజెక్టర్, హెడ్, క్లచ్ ఒక్కోటి ఒక్కో దారికి తీసుకెళ్తుంది. చల్ల ఇంజన్లోనా వేడెక్కాకా, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడా తక్కువలోనా, పొగ తెలుపా నలుపా, క్లచ్ తొక్కితే వణుకు మారుతోందా అనే నాలుగు సంగతులు చెబితే మెకానిక్‌కు సగం దారి దొరుకుతుంది. క్లచ్ తొక్కగానే శబ్దం మారితే చూపు గేరుబాక్సు వైపు మళ్లాలి.

వెతికే వరస ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు పోవాలి: ఎర్త్, మౌంటింగులు, యాక్సిలరేటర్ కేబుల్ బిగుతు, ఫిల్టర్ నీళ్లు, పారదర్శక పైపు, ఆ తర్వాతే ట్యాపెట్, రిటర్న్ పరీక్ష, కంప్రెషన్. పంపు కాలిబ్రేషన్ చివర్లో. పని పూర్తయిందన్నాక కూడా వేడి ఇంజన్ మీద స్లో విని బండి తెచ్చేసుకోవడం తొందరపాటే. డీజిల్ వెనక్కి జారడం, గాలి చేరడం, బిగుతు తప్పిన గాస్కెట్ ఇవన్నీ బండి పూర్తిగా చల్లారాకే బయటపడతాయి. వీలైతే బండిని ఆ రాత్రి షెడ్డులోనే వదిలి, పొద్దున్నే మెకానిక్ ముందే మొదటి సెల్ఫ్ కొట్టించి చూడాలి.